పాత మినీ లేత్ కొనాలా, వద్దా?

శ్రీకాకుళం మాస్టారు:
నేను రిటైరైన సైన్సు టీచర్ని. పిల్లలకు చూపించడానికి ఇత్తడితో చిన్న ఆవిరి ఇంజన్లు చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. విజయనగరంలో ఒకాయన తన మినీ లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే చిన్న మిషన్) అమ్ముతున్నారు. చైనా తయారీ, బెడ్ (అడుగు దిమ్మ) మీద స్వింగు, అంటే తిప్పగల ముక్క వ్యాసం, 180 మి.మీ., సెంటర్ల మధ్య, అంటే పొడవు, 300 మి.మీ. ఏడేళ్లు వాడారట. కొత్తదాని ధరలో సగం చెబుతున్నారు. తీసుకోవచ్చా?

బొబ్బిలి టర్నర్:
వద్దు మాస్టారూ. నేను ముప్పయ్యేళ్లుగా లేత్ మీదే బతుకుతున్నాను. ఆ మిషన్ బరువంతా కలిపి 40 కిలోలు ఉంటుందేమో. ఇనుము మీద కాస్త లోతుగా కోత వేస్తే చాలు, వణికిపోతుంది. అయినా నెలకు రెండు మూడు ముక్కల కోసం మిషన్ ఎందుకు? డ్రాయింగ్ పట్టుకుని దగ్గర్లోని లేత్ షాపుకు వెళ్లండి, చేసిపెడతారు.

పార్వతీపురం నుంచి:
నేను పాతది కొని దెబ్బతిన్నాను. రెండో నెలలోనే స్పీడు కంట్రోల్ బోర్డు పోయింది, అమ్మినాయన ఫోను ఎత్తలేదు. ఆ తర్వాత హెడ్‌స్టాక్‌లో (ముక్కను తిప్పే వైపు పెట్టెలో) ప్లాస్టిక్ గేరు పళ్లు ఊడిపోయాయి. కొంటే కొత్తదే కొనండి సార్.

విజయనగరం నుంచి:
బొబ్బిలి అన్నయ్య చెప్పిన బరువు లెక్క నిజమే. కానీ మాస్టారు ట్రాక్టరు షాఫ్టులు తిప్పబోవడం లేదు కదా. ఇత్తడి సులువుగా తెగుతుంది, ఈ చిన్న మిషన్‌కు సరిపోయిన లోహం అదే.

షాపులో చేయించుకునే (జాబ్ వర్కు) మాటకొస్తే, ముందు సిలిండరు బోరు చేసుకోవాలి. తర్వాత పిస్టన్‌ను కొంచెం తగ్గించడం, అందులో పెట్టి చూడడం, మళ్లీ కొంచెం తగ్గించడం. సిలిండరు అడుగు వేలితో మూసి పిస్టన్ వదిలితే గాలి మీద నిలబడాలి, వేలు తీస్తే జారిపోవాలి. అప్పుడే ఇంజను నడుస్తుంది. బుష్‌లు పట్టుకుని నలుగురు వరసలో ఉంటే, మన 12 మి.మీ. పిస్టన్ కోసం ఏ షాపులోనైనా మిషన్ పదిసార్లు ఆపుతారా? ఈ పని మనమే చేసుకోవాలి, నేను గట్టిగా చెబుతున్నాను.

పార్వతీపురం తమ్ముడూ, బోర్డు, గేర్లు పోతే మార్చుకోవచ్చు. కోత వేసే టూల్ వెళ్లి, ముక్కను పట్టి తిప్పే చక్‌కు తగిలిందనుకో, ముందు ఆ ప్లాస్టిక్ గేరే విరిగి మిగతావాటిని కాపాడుతుంది. బాగుచేయడం కష్టమైనది బెడ్. మాస్టారూ, టూల్‌ను మోసే క్యారేజీని చక్ దగ్గరకు తెచ్చి, కాస్త బిగువుగా నడిచేలా జిబ్ స్క్రూలు (దాని వదులు సరిచేసేవి) బిగించి, టెయిల్‌స్టాక్ వైపు, అంటే అవతలి చివరకు, జరపండి. అక్కడ పట్టేసిందంటే చక్ దగ్గర బెడ్ అరిగిందన్నమాట. అలాంటిది పావు ధరకిచ్చినా వద్దు. తర్వాత స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) లోపలి టేపరుకు (వాలు రంధ్రానికి) డయల్ గేజ్ (సన్నని తేడా కొలిచే ముల్లు సాధనం) ఆనించి చేత్తో తిప్పండి. ముల్లు ఊగడం 0.02 మి.మీ. దాటితే బేరింగుల సంగతి అడగండి. చక్‌లో రాడ్డు బిగించి కొలిచి కంగారు పడకండి, మూడు దవడల చక్ కొత్తదైనా 0.05 తేడా చూపించొచ్చు. చేంజ్ గేర్లు (మార్చి వేసుకునే విడి గేర్లు) లెక్కపెట్టుకోండి, అవి లేకుండా కావలసిన త్రెడ్డింగ్ (మరలు కోయడం) చేయలేరు.

బొబ్బిలి టర్నర్:
ఆ పిస్టన్ మాట ఒప్పుకుంటాను. మా షాపులో అంత తీరిక ఉండదు. బెడ్ బాగుంటే ఇక నేను అడ్డు చెప్పను. కానీ టూల్ పదును పెట్టడం నేర్చుకోకుండా మిషన్ కొనకండి. ఇత్తడికి టూల్ పైభాగం చదునుగా ఉండాలి. వాలు పెడితే టూల్‌ను లోపలికి లాగేసుకుంటుంది. ఇంకొకటి, ఇంట్లోనే కదా అని లుంగీతో మిషన్ దగ్గరకు వెళ్లకండి. చక్ కీ చక్‌లోనే వదిలేసి స్విచ్ వేయకండి. ఆ రెండూ కళ్లారా చూసినవాణ్ని.

శ్రీకాకుళం మాస్టారు:
నిన్న వెళ్లి చూసొచ్చాను. క్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకేలా నడిచింది. స్పిండిల్ 0.01 చూపించింది. చేంజ్ గేర్లలో మాత్రం రెండు లేవు, వాటి ఖర్చు తగ్గించమన్నాను, ఆయన ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం తెచ్చుకుంటున్నాను. బొబ్బిలి తమ్ముడూ, అంతకు ముందు ఒక రోజు మీ షాపుకు వస్తాను, టూల్ పదును పెట్టడం నేర్పిస్తారా?

బొబ్బిలి టర్నర్:
గురువారం ఉదయం రండి మాస్టారూ. ఆ పూట పని తక్కువ ఉంటుంది.