సజ్జ మీది గేమింగ్ పత్రికలు, సీడీలు, పాత టీవీ గేమ్: వీటిని ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా పాత ఇంటిని వచ్చే నెల కూల్చి కొత్తగా కట్టుకోబోతున్నాం. సజ్జ మీది సామాను దించుతుంటే రెండు అట్టపెట్టెలు బయటపడ్డాయి. ఒకదానిలో 2001 నుంచి 2005 వరకు నేను కొన్న డిజిట్ అనే కంప్యూటర్ పత్రిక సంచికలు, వాటితో వచ్చిన సీడీలు, స్కోర్ అనే ఆటల అనుబంధాలు ఉన్నాయి. రెండోదానిలో అంతకు కొన్నేళ్ల ముందు ఒక దసరాకు నాన్న కొనిచ్చిన టీవీ గేమ్, రెండు రిమోట్లు, ఒక గన్, మూడు క్యాసెట్లు ఉన్నాయి. పత్రికలను తూకానికి వేసేద్దామని ఇంట్లో అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు.

ఆ పత్రికల్లో చదివిన ఆటల్లో నేను నిజంగా ఆడినవి పదింటికి ఒకటి కూడా ఉండవు. అప్పట్లో మా ఇంట్లో ఉన్న సెలెరాన్ కంప్యూటర్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మాక్స్ పేన్ ఆడాలంటే 16 ఎంబీ కార్డు తప్పనిసరి. నిన్న ఆ ఆట గురించి రాసిన పేజీ తెరిచి చూస్తే, కనీస అవసరాల జాబితా చుట్టూ పెన్సిల్ గీత, పక్కన నా చేతిరాతలో కార్డు ధర, దాని కింద నెలకు ఇంత చొప్పున పోగేస్తే ఎన్ని నెలలకు కొనగలనో వేసుకున్న లెక్క కనిపించాయి. ఆ కార్డు నేను ఎన్నడూ కొనలేదు. పేజీలో అచ్చయిన నాలుగైదు బొమ్మలను చూస్తూ, మంచు కురుస్తున్న న్యూయార్క్ వీధుల్లో మిగిలిన కథనంతా నాకు నేనే అల్లుకున్నాను. ఇంజినీరింగ్‌లో స్నేహితుడి కంప్యూటర్‌లో ఆ ఆట ఆడినప్పుడు ఎంతో బాగుందనిపించింది కానీ, నా మనసులో ఉన్న ఊరు మాత్రం అది కాదు. నా ఊరు ఈ కాగితాల్లోనే ఉంది.

కొన్ని సంచికల్లో చెమ్మ వల్ల నున్నటి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని విడదీయవచ్చా? సీడీలు ఇంకా పనిచేస్తాయా? టీవీ గేమ్‌ను కొత్త ఎల్‌ఈడీ టీవీకి కలిపితే మారియో చక్కగా నడుస్తోంది కానీ, బాతులను కాల్చే ఆటలో గన్ ఒక్క బాతునూ పడగొట్టడం లేదు. గన్ పాడైపోయిందా?

జవాబు (కరీంనగర్ నుంచి)

దయచేసి తూకానికి వేయకండి. నేను అలా ఒకసారి వేసి, తర్వాత ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య అవే సంచికల కోసం వెతికిన మనిషిని.

అతుక్కున్న పేజీలను బలవంతంగా లాగితే పైన ఉండే నున్నటి పూత, దానితోపాటు అచ్చు కూడా ఊడి వస్తాయి. అంచుల్లో వదులుగా ఉన్న పేజీలను మాత్రమే నెమ్మదిగా విప్పండి. గట్టిగా పట్టుకున్న వాటిని అలాగే వదిలేయడం మంచిది. తుప్పు పట్టిన పిన్నులను మాత్రం తీసేయండి, ఎందుకంటే ఆ తుప్పు మరక ఏటా కాగితంలోకి ఇంకా పాకుతుంది. మిగిలిన పేజీలను స్కాన్ చేసి పెట్టుకోండి. పెన్సిల్ గీత ఉన్న పేజీని రంగుల్లోనే స్కాన్ చేయండి, నలుపు తెలుపులో ఆ గీత సరిగా కనిపించదు. అవి మీ వద్ద దాచుకోవడానికే. ప్రచురణకర్తల అనుమతి లేకుండా అందరికీ పంచడం తగదు.

సీడీల విషయంలో చాలామంది కింది వైపు గీతలను చూసి భయపడతారు కానీ, అసలు జాగ్రత్త పైవైపున అవసరం. సమాచారాన్ని మోసే పలుచని అల్యూమినియం పొర, బొమ్మ అచ్చు వేసిన వైపు లక్కపూత కిందే ఉంటుంది. అక్కడ గీత పడితే ఆ భాగం పోయినట్టే. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడిచి, ఒక్కో సీడీని పూర్తి ప్రతిగా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. ఈ పని వాయిదా వేయకండి.

ఇది మీ ఒక్కరి బెంగ కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. ఆట దొరకనప్పుడు దాని గురించి ఆనాడు రాసిన పేజీయే మిగిలిన ఆధారం కదా. ఆ సంస్థ 2025 జనవరిలో పాత గేమింగ్ పత్రికలతో ఒక డిజిటల్ గ్రంథాలయాన్ని కూడా తెరిచింది. మన దగ్గర వచ్చిన పత్రికల కోసం అంతటి శ్రద్ధ పెట్టేవారు కావాలని నా గట్టి కోరిక.

జవాబు (గోదావరిఖని నుంచి)

మీ గన్ బహుశా బాగానే ఉంది, లోపం కొత్త టీవీతోనే వస్తోంది. ఆ గన్ నుంచి వెలుగేమీ బయటికి పోదు. అది టీవీ నుంచి వచ్చే వెలుగును చూస్తుంది. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. గన్‌లోని కన్ను ఆ మెరుపును సరిగ్గా అదే క్షణంలో పట్టుకుంటే గురి తగిలినట్టు లెక్క. డబ్బా టీవీలో బొమ్మ ఆలస్యం లేకుండా వస్తుంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను సర్దుకుని చూపేసరికి ఆ క్షణం దాటిపోతుంది. ఎవరి ఇంట్లోనైనా డబ్బా టీవీ ఉంటే దానికి కలిపి చూడండి.

క్యాసెట్ ఆడకపోతే అప్పట్లో మనమంతా నోటితో ఊదేవాళ్లం. ఆ తడికి రాగి పట్టీలు పాడవుతాయి. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిస్తే చాలు.

మా సింగరేణి క్వార్టర్లలో గేమింగ్ పత్రిక అన్నది ఎవరూ చూడలేదు. కాంట్రా అనే ఆటలో 30 ప్రాణాలిచ్చే కోడ్‌ను, అంటే పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ అన్న వరుసను, వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లొచ్చిన పక్కింటి అన్న నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకొచ్చాడు. ఆ పేజీని చూసి మేం పది మందిమి రాసుకున్నాం. మాకు పత్రిక అంటే అదే. మీ పెట్టె నిండా ఉన్నవాటి విలువ నాకు అందుకే బాగా తెలుసు.

అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పరకాలలో మా మేనత్త ఇంట్లో డబ్బా టీవీ ఇంకా ఉంది. ఆదివారం గన్ పట్టుకుని వెళ్లాను. మొదటి దెబ్బకే బాతు పడింది. మా అమ్మాయి దాన్ని తన చేతికివ్వమని పట్టుబట్టి, టీవీ అద్దానికి గన్ మొన ఆనించి మరీ కాల్చింది. నేనూ ఆ వయసులో అలాగే కాల్చేవాణ్ణి.

సీడీల్లో ఇప్పటికి పదకొండు ఎక్కించాను, రెండు చదవడం లేదు. పత్రికలను బీరువాలో నిలువుగా పేర్చాను. 2003 సంచికల్లో మూడు నెలలవి నా దగ్గర లేవు. వరంగల్, కరీంనగర్ వైపు ఎవరి వద్దనైనా ఉంటే, స్కాన్ చేసుకుని తిరిగి భద్రంగా అప్పగిస్తాను.