డాలస్‌లో సెకండ్‌హ్యాండ్ హయబుసా: కొనొచ్చా? తర్వాత అమ్ముడుపోతుందా?

ఫ్రిస్కో_చక్రం
అన్నలందరికీ నమస్తే. ప్లేనోలో 2014 హయబుసా (సుజుకీ వాళ్ళ పెద్ద స్పోర్ట్స్ బైక్) ఒకటి అమ్మకానికి ఉంది. 11 వేల మైళ్ళు తిరిగింది, 7,200 డాలర్లు చెబుతున్నాడు. ఫోటోల్లో ఒక్క గీత లేదు, టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి. మన దగ్గర పల్సర్ 220 నడిపాను, ఇక్కడ క్లాస్ ఎమ్ (బైక్ లైసెన్స్) కోర్సు ఈమధ్యే అయింది. ధర సరైనదేనా? హెచ్‌1బి వాళ్ళకి ఇన్సూరెన్స్ ఎక్కడ తక్కువ పడుతుంది? తర్వాత ఇండియా వెళ్ళిపోతే బండి వెంట తీసుకెళ్ళొచ్చా, లేక ఇక్కడే అమ్మేయాలా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బుల్లెట్_బాబాయ్
కోర్సులో ఇచ్చేవి చిన్న బళ్ళు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్ల చుట్టూ తిప్పించి కార్డు చేతిలో పెడతారు. పల్సర్ 220 పవర్ 20 హెచ్‌పీ చిల్లర, బుసాది 190 పైమాటే. బరువు 260 కిలోల పైనే. ధర సంగతి తర్వాత, ముందు ఏ ఎస్‌వీ650నో, నింజా 650నో తీసుకో తమ్ముడూ. ఏడాది నడుపు. బుసా ఎక్కడికీ పారిపోదు.

లేట్_బ్రేకర్
బాబాయ్‌ది ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే పాట. నా మొదటి బండే లీటర్ బైక్ (1000 సీసీ), నిక్షేపంగా ఉన్నాను. థ్రాటిల్ మన చేతిలోనే ఉంటుంది కదా.

బుల్లెట్_బాబాయ్
ఉంటుంది. 75 మైళ్ళ స్పీడు మీద ముందున్న పికప్ ట్రక్కు ఉన్నట్టుండి బ్రేకేస్తే బిగుసుకుపోయేది కూడా ఆ చెయ్యే.

హిల్‌కంట్రీ_రాణి
మీ గొడవ పక్కన పెట్టండి. "టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి" అన్న మాట దగ్గరే నాకు అనుమానం. టైరు పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే వరుస ఉంటుంది, దాని చివరి నాలుగంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు నిండుగా ఉండి ఆరేడేళ్ళ కిందటిదైతే రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమను.

నువ్వు వెళ్ళేసరికి ఇంజిన్ వేడిగా ఉండకూడదు. చెయ్యి పెట్టి చూడు. ముందే స్టార్ట్ చేసి ఉంచాడంటే చల్లగా ఉన్నప్పుడు ఏదో మొరాయిస్తోందన్నమాట. హ్యాండిల్ చివర్లు, లీవర్ల కొసలు రాసుకున్నాయేమో చూడు. ఫెయిరింగ్ (పై ప్లాస్టిక్ తొడుగు) మార్చి పడిన సంగతి దాచిపెట్టేవాళ్ళు కూడా స్టీరింగ్ స్టాపర్ దగ్గర సొట్టని మర్చిపోతారు. బుసాల్లో ఇంకొకటుంది: డ్రాగ్ రేసుల పిచ్చితో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) పొడుగు చేయిస్తారు. అలాంటిదైతే వెనక్కి వచ్చెయ్. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో సైట్‌లో ఉచితంగానే కొట్టి చూడొచ్చు, దొంగ బండైనా, సాల్వేజ్ (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేసినది) అయినా చాలావరకు తెలిసిపోతుంది.

డీల్_కింగ్
7,200 ఎక్కువ. 5,800 దగ్గర మొదలుపెట్టు, నగదు కళ్ళకి కనిపించాలి. తమ్ముళ్ళూ, ఈ వ్యాపారంలో నేను చూడని బండి లేదు. హార్లేలు, గోల్డ్‌వింగ్‌లు, పాత ఆర్1లు అన్నీ తిప్పాను. చలికాలంలో కొనాలి, మార్చిలో అమ్మాలి. డిసెంబర్‌లో గరాజ్‌లో చోటు లేక, భార్య సణుగుడు పడలేక అమ్మేవాడు ఎంతకైనా దిగుతాడు. ఇంకో కిటుకు: టైటిల్ (బండి ఓనర్ కాగితం) మన పేరు మీదికి మార్చక్కర్లేదు. అమ్మినవాడి సంతకం తీసుకుని, కొనేవాడి పేరు ఖాళీగా ఉంచితే చాలు. తర్వాతి పార్టీ పేరు నేరుగా రాసేయొచ్చు. 6.25 శాతం టాక్స్ మిగిలినట్టే.

నల్గొండ_టు_నాష్‌విల్
నీలాంటోడే ఒకడు నాకు క్రూజర్ అంటగట్టిండు. డబ్బు తీసుకున్నోడు ఒకడు, టైటిల్ మీద పేరు ఇంకొకడిది. ఆఫీసుకు పోతే బండి మీద బ్యాంకు లోను ఇంకా తీరలేదని తేలింది. అసలు ఓనర్ రాష్ట్రం దాటిపోయిండు, అమ్మినోడు ఫోన్ ఎత్తడు. ఎండాకాలమంతా బండి గరాజ్‌లో పెట్టుకుని తుడుచుకుంట కూసున్న. నీకు మిగిలిన 6.25 శాతం ఎవరి నెత్తిన పడుతుందో ఎప్పుడన్నా ఆలోచించినవా?

డీల్_కింగ్
లోను ఉందో లేదో చూసుకోకుండా కొనడం నీ తప్పు. నా దగ్గర కొన్నవాళ్ళెవరూ వెనక్కి రాలేదు.

నల్గొండ_టు_నాష్‌విల్
టైటిల్ మీద నీ పేరే లేకపోతే వెనక్కి ఎట్లొస్తరు? ఎవడి అడ్రస్‌కొస్తరు?

ఫైళ్ళ_సుబ్బు
డీల్_కింగ్ గారూ, మీరు కిటుకు అంటున్న దాన్ని టెక్సస్ చట్టం నేరమంటుంది. కొన్నవాళ్ళు 30 రోజుల్లో 130-యు ఫారంతో టైటిల్ తమ పేరుకి మార్చుకోవాలి. టాక్స్ కూడా మీరు రాసుకున్న ధర మీదే పడదు. రాష్ట్రం తన లెక్కన ఒక విలువ కడుతుంది. మీరు కొన్న ధర, ఆ విలువలో 80 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద 6.25. కాగితం మీద 500 డాలర్లని రాసి లాభం లేదు. ఇంకో సంగతి. ఒక క్యాలెండర్ ఏడాదిలో నాలుగుకి మించి బళ్ళు అమ్మితే డీలర్ లైసెన్స్ ఉండాలి. మీరేమో అన్నీ తిప్పానంటున్నారు.

డీల్_కింగ్
అది హాబీ. వ్యాపారం కాదు.

ఫైళ్ళ_సుబ్బు
పైన "ఈ వ్యాపారంలో" అని రాసింది మీరే. మీ సంగతి మీరు చూసుకుంటారు, అడిగిన కుర్రాడు హెచ్‌1బి మీద ఉన్నాడు. తన సొంత బండి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు. లాభం కోసం కొని అమ్మడం మొదలుపెడితే మాత్రం, స్పాన్సర్ చేసిన కంపెనీలో కాకుండా వేరే పని చేసినట్టే. రెండు వేల డాలర్ల కోసం స్టేటస్ పోగొట్టుకోవాలా?

లేట్_బ్రేకర్
ఫేస్‌బుక్‌లో బండి అమ్మితే ఇమిగ్రేషన్ వాళ్ళు వస్తారా? ఊరికే టెన్షన్ పెట్టకండి సార్.

ఫైళ్ళ_సుబ్బు
వాళ్ళు రారు. గ్రీన్‌కార్డ్ టైమ్‌లో మీ కాగితాలే వాళ్ళ దగ్గరికి వెళతాయి.

డీల్_కింగ్
సుబ్బు గారికి జీవితంలో బండి ఎక్కే యోగం లేదు. ఫారం నంబర్లు బట్టీ పట్టినంత మాత్రాన రైడర్ అయిపోరు.

ఫైళ్ళ_సుబ్బు
నా గోల్డ్‌వింగ్ 1833 సీసీ. టైటిల్ నా పేరు మీదే ఉంది.

మోడరేటర్
ఇద్దరూ ఇక్కడితో ఆపండి. టైటిల్ ఖాళీగా ఉంచమన్న సలహా ఎవరూ పాటించకండి. ఆ పోస్ట్ తీసేస్తే కింది సమాధానాలు అర్థం కావని ఉంచుతున్నాం.

మ్యూనిక్_మామ
మీ అమెరికా కబుర్లు వింటుంటే నవ్వొస్తోంది. జర్మనీలో పెద్ద బండికి నేరుగా ఎ లైసెన్స్ కావాలంటే 24 ఏళ్ళు నిండాలి. థియరీ, ట్రైనర్ వెనకాల కారులో ఉండగా క్లాసులు, రాత్రి రైడ్, ఆటోబాన్ రైడ్, అప్పుడు పరీక్ష. ఖర్చు వేలల్లోకి పోతుంది. అయితే ఒక సుఖం ఉంది, సీజన్ ప్లేటు. ప్లేటు మీదే 03, 10 అని ఉంటుంది, మార్చి నుంచి అక్టోబర్ దాకా. ఆ నెలలకే టాక్స్, ఆ నెలలకే ఇన్సూరెన్స్. చలికాలంలో రోడ్డు మీద నిలిపినా ఫైనే. రెండేళ్ళకోసారి తనిఖీ తప్పదు. సైలెన్సర్ మార్చావా, దానికి కాగితం చూపించాలి.

లేట్_బ్రేకర్
మామా, అడిగింది డాలస్ గురించి. అయినా టెక్సస్‌లో ఈ తనిఖీల గోలే లేదు, 2025 నుంచి తీసేశారు. హెల్మెట్ కూడా 21 దాటి, కోర్సు చేసినా హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా తప్పనిసరి కాదు. ఆగస్టులో 105 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ఎవడు పెట్టుకుంటాడు?

స్రవంతి_ఆర్‌ఎన్
హ్యూస్టన్‌లో ట్రామా వార్డులో పనిచేస్తాను. హెల్మెట్ చట్టం ఏమంటుందో నాకు అనవసరం. ఉక్కపోత అని తీసి సీటుకి తగిలించుకున్న అబ్బాయిల తల్లులకి ఇండియా ఫోన్ చేసి మాట్లాడేది నేను. ఇంకేమీ చెప్పను. ఇన్సూరెన్స్ అడిగిన తమ్ముడూ, టెక్సస్ కనీస ఇన్సూరెన్స్ 30/60/25 (ఒకరి గాయాలకి 30 వేలు, అందరి గాయాలకీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు) ఎదుటివాళ్ళ కోసం. నీ ఎముకలకి అందులో పైసా రాదు. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ (ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే మనకి పనికొచ్చేది) తప్పకుండా తీసుకో, గుద్ది వెళ్ళిపోయేవాళ్ళు ఇక్కడ చాలామందే.

వైజాగ్_వీల్స్
అక్క చెప్పింది నిజం. కాలిఫోర్నియాలో హెల్మెట్ అందరికీ తప్పదు, దానికి బదులు మాకు లేన్ స్ప్లిట్టింగ్ ఉంది. ట్రాఫిక్‌లో కార్ల మధ్య నుంచి దూసుకెళ్ళిపోవచ్చు. టెక్సస్ వాళ్ళు 2023లో చట్టం రాసి మరీ కుదరదన్నారు, పాపం ఆ ఎండలో కార్ల వెనకే మాడండి. మన విజయవాడ బెంజ్ సర్కిల్‌లో మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బుల్లెట్_బాబాయ్
బెంజ్ సర్కిల్ పేరెత్తకు, మా తోడల్లుడు అక్కడే కాలు విరగ్గొట్టుకున్నాడు. అదీ టీవీఎస్ 50 మీద.

తిరిగొచ్చా_హైదరాబాద్
ఇండియాకి తేవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. 2014 బండి అన్నావు, కథ అక్కడే అయిపోయింది. వాడిన బండి తయారై మూడేళ్ళు దాటితే రానివ్వరు. మూడేళ్ళ లోపుదైనా ముంబై పోర్టులోనే దింపాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి, హెడ్‌లైట్ ఎడమ వైపు నడిచే రోడ్లకి సరిపడాలి. 2025 బడ్జెట్‌లో డ్యూటీ తగ్గిందని విని సంబరపడకండి, 1600 సీసీ లోపు 40 శాతం అన్నది కొత్త బండి మాట. దాని మీద జీఎస్టీ వేరే, 350 సీసీ దాటితే ఇప్పుడు అదీ 40 శాతం.

ఇంతకీ ఎందుకు తేవడం? హయబుసా గురుగ్రామ్‌లోనే బిగిస్తున్నారు. ఎక్స్‌షోరూమ్ 17 లక్షలు దాటింది, లైఫ్ టాక్స్ అదనం. కొన్నా తిప్పేదెక్కడ? ఓఆర్‌ఆర్ మీదికి టూవీలర్లనే రానివ్వరు. ఆదివారం తెల్లారకముందే శ్రీశైలం రోడ్డెక్కి, తొమ్మిదింటికి ఇంటికొచ్చేయాలి. అందుకే అక్కడిది అక్కడే అమ్మి వచ్చాను. కొనేవాణ్ణి అతని బ్యాంకుకే రమ్మని, టెల్లర్ చెక్కు ప్రింట్ చేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. బయట రాసి తెచ్చిన క్యాషియర్ చెక్కు మాత్రం తీసుకోకండి, దొంగవి బోలెడు.

హిల్‌కంట్రీ_రాణి
దానితోపాటు వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టాలి. లేకపోతే కొన్నవాడి టోల్ బిల్లులు మన ఇంటికొస్తాయి. ప్లేటు విప్పి దగ్గర పెట్టుకోండి.

ఫ్రిస్కో_చక్రం
అందరికీ థాంక్స్. టైర్లు చూశాను, చివర 1416 అని ఉంది. అడిగితే "చాలా తక్కువ నడిపా" అన్నాడు. ఆ బండి వదిలేశా. నింజా 650 చూస్తున్నా, బాబాయ్ సంతోషమే కదా? కొత్త సమస్య ఏంటంటే వీడియో కాల్‌లో వెనక టేబుల్ మీద హెల్మెట్ అమ్మ కంట పడింది.

వైజాగ్_వీల్స్
క్రికెట్ హెల్మెట్ అని చెప్పు.

ఫ్రిస్కో_చక్రం
అదే చెప్పా. నాన్న పక్కనే ఉన్నారు, "క్రికెట్ హెల్మెట్‌కి అద్దం ఎందుకురా" అన్నారు.

నల్గొండ_టు_నాష్‌విల్
నాన్నకు చెప్పెయ్యి. అమ్మకు ఆయనే చెప్పుకుంటడు. డబ్బులు మిగిలితే ఇటు రా, టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ తిప్పుతా. 11 మైళ్ళల్ల 318 మలుపులు. 650కి అదే సరైన రోడ్డు, అక్కడ బుసా వాళ్ళు చెమటలు కక్కుతుంటరు.

హిల్‌కంట్రీ_రాణి
అంత దూరం ఎందుకు, టెక్సస్‌లోనే లేకీ అనే ఊరి చుట్టూ 335, 336, 337 నంబర్ల రోడ్లున్నాయి. వచ్చే నెల మేం వెళ్తున్నాం, ఆడవాళ్ళ గ్రూపే కానీ బుద్ధిమంతులైన తమ్ముళ్ళని రానిస్తాం. జింకలు అడ్డొస్తాయి, చీకటి పడ్డాక నడపం.

లేట్_బ్రేకర్
337కి స్లిక్స్ (గాట్లు లేని రేసు టైర్లు) వేసుకోవచ్చా?

హిల్‌కంట్రీ_రాణి
వద్దు. నువ్వు రానే వద్దు.

డీల్_కింగ్
2019 నింజా 650, ఏబీఎస్, ఎరుపు, 6 వేల మైళ్ళు, 4,600 డాలర్లు. ఫ్రిస్కో తమ్ముడికైతే 4,400. పర్సనల్ మెసేజ్ చేయండి.

ఫైళ్ళ_సుబ్బు
టైటిల్ మీద ఎవరి పేరుందండీ?