ఆర్ 4.1 నుంచి 4.4కి మారాక పాత ప్యాకేజీలు లోడ్ కావడం లేదు: తిరిగి తెచ్చుకునే సరైన పద్ధతి ఏది?

ప్రశ్న: పైరుగణితం

అందరికీ నమస్కారం. నేను వరి దిగుబడుల గణాంకాలపై పరిశోధన చేస్తున్నాను. మూడేళ్లుగా విండోస్ ల్యాప్‌టాప్‌లో గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ 4.1.3 వాడుతున్నాను. కొత్తగా కావలసి వచ్చిన ఒక ప్యాకేజీ (ఆర్‌కు అదనపు పనులు చేర్చే కోడ్) ఆ వెర్షన్‌లో ఇన్‌స్టాల్ కాకపోవడంతో గత వారం 4.4.1 వేసుకున్నాను. ఆ తరువాత నా స్క్రిప్టు నడిపితే మొదటి వరుసలోనే ఆ పేరుతో ప్యాకేజీ ఏదీ లేదన్న సందేశం వచ్చింది.

పాతవి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో విన్-లైబ్రరీ కింద 4.1 అనే ఫోల్డర్‌లో భద్రంగానే ఉన్నాయి. వాటిని, మొత్తం 187 ఫోల్డర్లను, కొత్త లైబ్రరీలోకి (ప్యాకేజీలు ఉండే ఫోల్డర్‌లోకి) కాపీ చేశాను. చిన్న ప్యాకేజీలు కొన్ని, 4.1.3లో తయారైనవన్న హెచ్చరికతో, పనిచేస్తున్నాయి. డేటా.టేబుల్, డీప్లయర్, ఎస్ఎఫ్ మాత్రం లోడ్ కావడమే లేదు. మొత్తం 187లో రెండు గిట్‌హబ్ (కోడ్ పంచుకునే సైటు) నుంచి, ఒకటి బయోకండక్టర్ (జీవశాస్త్ర ప్యాకేజీల భాండాగారం) నుంచి తెచ్చుకున్నవి. పటాల కోసం వాడే ఆర్‌జీడాల్ ఈ వెర్షన్‌కు అందుబాటులో లేదని వస్తోంది. పాత ఆర్‌ను ఇంకా తీసేయలేదు. థీసిస్ సమర్పించవలసిన గడువు దగ్గర పడింది కనుక, ఏ క్రమంలో చేయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: పాతకాపు

ముందుగా, కాపీ చేసిన ఆ 187 ఫోల్డర్లను కొత్త లైబ్రరీ నుంచి తీసేయండి. పాత చోట ఉన్నవాటిని మాత్రం ముట్టుకోకండి, అవి ఇంకా పనికి వస్తాయి.

ఆర్‌లో 4.4.1 నుంచి 4.4.2కి మారినప్పుడు లైబ్రరీ అదే ఉంటుంది, ఏమీ చేయనక్కరలేదు. మధ్య అంకె మారినప్పుడు మాత్రం లైబ్రరీ ఫోల్డర్ కూడా కొత్తది అవుతుంది. అందుకే మీకు అన్నీ మాయమైనట్టు కనిపించింది. పైగా 4.2 నుంచి విండోస్‌లో ఈ ఫోల్డర్ డాక్యుమెంట్స్‌లో కాక, మామూలుగా కనిపించకుండా దాగి ఉండే యాప్‌డేటాలోని లోకల్ కింద ఉంటుంది. కాపీ ఎందుకు పనిచేయలేదంటే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0తో విండోస్ ఆర్ యూసీఆర్‌టీ అనే వేరే సీ రన్‌టైమ్‌కు (సీ భాషలో రాసిన భాగాలు నడవడానికి ఆధారమైన కోడ్‌కు) మారింది. పూర్తిగా ఆర్‌లోనే రాసిన ప్యాకేజీ హెచ్చరికతో గట్టెక్కవచ్చు గాని, సీలోనో సీ++లోనో రాసి కంపైల్ చేసిన (యంత్రభాషలోకి మార్చిన) భాగం ఉన్న ప్యాకేజీని కొత్త ఆర్ కోసం కట్టిన రూపంలోనే తెచ్చుకోవాలి. మీకు ఆగిపోయిన మూడూ అటువంటివే.

కాబట్టి పాత లైబ్రరీ నుంచి మీరు తెచ్చుకోవలసింది పేర్ల జాబితా మాత్రమే. కొత్త ఆర్‌లో ఇన్‌స్టాల్డ్ డాట్ ప్యాకేజెస్ ఫంక్షన్‌కు పాత లైబ్రరీ దారిని ఇస్తే, అక్కడున్న ప్రతి ప్యాకేజీ పేరూ వెర్షనూ పట్టికగా వస్తాయి. దానిని ఒక ఫైలుగా భద్రపరచి, అందులోంచి కొత్త లైబ్రరీలో లేని పేర్లను వేరు చేసి, ఆ వరుసను ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్‌కు ఒకేసారి ఇవ్వండి. కొన్నింటికి సోర్స్ (ఇంకా కంపైల్ చేయని కోడ్) రూపంలో ఇంకా కొత్త వెర్షన్ ఉంది, కంపైల్ చేయమంటారా అని మధ్యలో అడుగుతుంది. కంపైల్ చేసే పరికరాలైన ఆర్‌టూల్స్ 44 మీ దగ్గర లేకపోతే వద్దని చెప్పండి, సిద్ధంగా ఉన్న బైనరీ వస్తుంది.

ఆర్ ప్యాకేజీల ప్రధాన భాండాగారమైన క్రాన్‌లో దొరకనివి అప్పుడు బయటపడతాయి. ప్రతి ప్యాకేజీ ఫోల్డర్‌లోనూ డిస్క్రిప్షన్ అనే చిన్న ఫైలు ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరవవచ్చు. క్రాన్ నుంచి వచ్చినదైతే రిపాజిటరీ అన్న వరుసలో ఆ సంగతి ఉంటుంది. గిట్‌హబ్ నుంచి వచ్చినదైతే రిమోట్ అన్న మాటతో మొదలయ్యే వరుసల్లో ఖాతా పేరు, రిపో పేరు, ఏ కమిట్ (ఆ కోడ్ నమోదైన ఏ దశ) నుంచి వేసుకున్నారో కూడా ఉంటాయి. మీ రెండింటినీ రిమోట్స్ ప్యాకేజీ ద్వారా సరిగ్గా ఆ కమిట్ నుంచే మళ్లీ తెచ్చుకోవచ్చు. బయోకండక్టర్ వెర్షన్ ఆర్ వెర్షన్‌కు ముడిపడి ఉంటుంది, 4.1కి 3.13, 3.14 అయితే, 4.4కి 3.19, 3.20. బయోక్‌మేనేజర్ అనే ప్యాకేజీని ముందు వేసుకుని దాని ద్వారానే మిగతాది చేయండి, జత అదే చూసుకుంటుంది.

ఆర్‌జీడాల్ కోసం వెతకకండి. ఆర్‌జీఈఓఎస్, మ్యాప్‌టూల్స్‌తో పాటు దానిని 2023 అక్టోబరులో క్రాన్ నుంచి విరమింపజేశారు. షేప్‌ఫైలు (పటాల డేటా ఉండే ఫైలు) చదివే పనిని ఎస్ఎఫ్‌లోని ఎస్‌టీ రీడ్ అనే ఫంక్షన్ చేస్తుంది. స్క్రిప్టులో ఆర్‌జీడాల్ వాడిన ఆ నాలుగైదు వరుసలను మీరు తిరిగి రాసుకోక తప్పదు.

జవాబు 2: నిదానం

పాతకాపు గారు చెప్పిన పద్ధతి సరైనదే గాని, 187 ప్యాకేజీలను తిరిగి వేయడంతో నేను ఏకీభవించలేను. మూడేళ్లలో ఒకసారి ప్రయత్నించి వదిలేసినవి అందులో ఎన్నో ఉంటాయి. మీ స్క్రిప్టుల్లో లైబ్రరీ అన్న పిలుపులను, రెండు కోలన్లతో నేరుగా పిలిచిన పేర్లను వెతికి, వాటిని మాత్రమే వేయండి. వాటికి కావలసినవి వాటితోనే వస్తాయి.

గడువు దగ్గరలో ఉన్నప్పుడు పాత ఆర్‌ను ఉంచడం మీరు చేసిన మంచి పని. విండోస్‌లో ప్రతి వెర్షనూ తన ఫోల్డర్‌లో తాను ఉంటుంది. ఆర్‌లో రాసి నడిపే ప్రోగ్రామ్ అయిన ఆర్‌స్టూడియో గ్లోబల్ ఆప్షన్స్‌లో దేనితో నడపాలో ఎంచుకోవచ్చు. థీసిస్ ప్రాజెక్టు వరకు ఆర్ఎన్వ్ అనే ప్యాకేజీ వాడడం మొదలుపెట్టమని కూడా మనవి. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో లాక్ ఫైలులో రాసి ఉంచుతుంది, రిస్టోర్ అంటే అవే తిరిగి వస్తాయి. ఆర్‌ను మాత్రం అది ఇన్‌స్టాల్ చేయదు. ఏ వెర్షన్‌లో చేశారో నమోదు చేస్తుంది, అంతే.

జవాబు 3: మండలపటం

ప్యాకేజీలు లోడ్ అయినంత మాత్రాన పని పూర్తయిందనుకోకండి. అదే డేటాను పాత ఆర్‌లోనూ కొత్త ఆర్‌లోనూ నడిపి, పట్టికలను పక్కపక్కన పెట్టి చూడండి. మీ 4.1కీ 4.4కీ నడుమ భాషలోనే కొన్ని మార్పులు వచ్చాయి. ఇఫ్ షరతులో ఒకటి కంటే ఎక్కువ విలువలు ఉంటే పూర్వం హెచ్చరించి మొదటి విలువతో సరిపెట్టుకునేది, 4.2.0 నుంచి అది దోషం, స్క్రిప్టు ఆగిపోతుంది. 4.3.0లో జంట యాండ్ (&&), జంట ఆర్ (||) గుర్తుల విషయంలోనూ ఇదే నియమం వచ్చింది.

మనకు మేలు చేసిన మార్పు కూడా ఒకటుంది. 4.2 నుంచి విండోస్ 10, 11లలో ఆర్ అన్ని భాషల అక్షరాలనూ రాయగల యూటీఎఫ్-8ను సొంత ఎన్‌కోడింగ్‌గా వాడుతోంది. పంట పేరు వరి అని తెలుగులో ఉన్న పట్టికను పూర్వం ముద్రిస్తే <యు+0సి35><యు+0సి30><యు+0సి3ఎఫ్> అని వచ్చేది. ఇప్పుడు వరి అనే వస్తుంది. మండలాల పేర్లను ఇంగ్లీషులోకి మార్చుకుని, పటం గీశాక మళ్లీ తెలుగులోకి మార్చుకునే శ్రమ నాకు పూర్తిగా తప్పింది. అందుకోసం మీ పాత స్క్రిప్టులో పెట్టిన సర్దుబాట్లేమైనా ఉంటే, అవి ఇప్పుడు అడ్డు రావచ్చు, చూసుకోండి.

ప్రశ్న అడిగినవారి నుంచి: పైరుగణితం

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిదానం గారు చెప్పినట్టు వెతికితే నేను నిజంగా పిలుస్తున్నవి 23 ప్యాకేజీలే. గిట్‌హబ్ ప్యాకేజీలు రెండూ డిస్క్రిప్షన్ ఫైలులో ఉన్న కమిట్ నుంచే వచ్చాయి. పటాల భాగాన్ని ఎస్ఎఫ్‌కు మార్చుకున్నాను.

మండలపటం గారు చెప్పిన ఇఫ్ దోషం నా స్క్రిప్టులో ఎదురైంది. ఖరీఫ్ అయితే ఒక సూత్రం, రబీ అయితే మరొకటి అని రాసిన చోట, ఒక్కొక్క వరుసను కాక మొత్తం సీజన్ నిలువు వరుసను షరతులో పెట్టాను. మొదటి వరుస ఖరీఫ్ కావడంతో పాత ఆర్ రబీ వరుసలన్నింటికీ ఖరీఫ్ సూత్రాన్నే వర్తింపజేసింది. హెచ్చరిక అప్పట్లోనూ వచ్చే ఉంటుంది, నేను పట్టించుకోలేదు. ఒక్కొక్క వరుసను విడిగా చూసే ఇఫ్ఎల్స్‌తో దిద్దిన తరువాత నాలుగో అధ్యాయంలోని రబీ దిగుబడుల పట్టిక మారింది. పాత పట్టికనూ కొత్త పట్టికనూ రేపు గైడ్ గారికి చూపిస్తాను.