సమస్యాపూరణం: పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. అర్థం పొసగేటట్టు ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

*పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె*

అయిదూ హగణాలే (గురువు, లఘువు). యతి పెం–బి. మొన్న నల్లగొండ బస్టాండులో ఒకామె “ఓ పెంటమ్మా, దేవరకొండ బస్సొచ్చె” అని కేకేసింది. నా పక్కన కూచున్న కాలేజీ పిల్లలు కిసుక్కుమన్నరు. ఆ కేకకు లేచి వచ్చిన మనిషికి డెబ్బై ఏండ్లుంటయి. చేతిల సంచి, నెత్తిమీద కొంగు, నడకలో ఏ తొందరా లేదు. ఆ పేరు వింటే నాకు వాసన గుర్తుకు రాదు. తెల్లారగట్ల ఎడ్లకొట్టం ఊడుస్తున్న చీపురు చప్పుడు గుర్తుకొస్తది. మీకేమి గుర్తుకొస్తదో పద్యంలో చెప్పండి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసిన నేల ఇది. ఆ సభల్లో పెంటమ్మ మీద ఎవరూ సమస్య ఇచ్చి ఉండరనుకుంటా. మనం ఇద్దాం.

మూసీ ఒడ్డు:
ముందు పుట్టినట్టి ముగ్గురు పోవఁగా
కడుపు కాలి తల్లి కాన్పు నాడు
చావు కండ్లు గప్ప చాటలో నుంచి యా
పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి బిడ్డను ‘ఇది మాకు అక్కరలేని పెంట’ అని పారేసినట్టు చేస్తరు. అక్కరలేనిదాని జోలికి మృత్యువు రాదని నమ్మకం. పెంటయ్య, పెంటమ్మ అట్లనే వచ్చినయి. ఎంగిలి విస్తరాకుల మీద దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ.

నిర్వాహకుడు:
‘చాటలో నుంచి’ని ‘చాటలో ఉంచి’ అని చదివినా, ‘చాటలోంచి’ అని చదివినా పొసగుతుంది. కావాలని చేశారో, కలిసొచ్చిందో! గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి.

దేవరకొండ ఆడబిడ్డ:
పద్యం బాగుంది గని, అన్నా, కాన్పయిన దినమే తల్లి లేచి పెంటకుప్ప దాక నడుస్తదా? ఈ పని చేసేది ముసలవ్వ, లేకపోతే మంత్రసాని. చాటల ఏసుకపోయి కుప్పమీద పండవెడ్తరు. ఇంకో ఆమె ‘నాకు దొరికింది’ అని ఎత్తుకుంటది. అప్పుడు తల్లి ఇన్ని నూకలో తవుడో ఇచ్చి, తన బిడ్డను తనే కొనుక్కుంటది. మగోళ్లు రాస్తే ఇట్లనే ఉంటది.

మూసీ ఒడ్డు:
ఒప్పుకున్న చెల్లె. రెండో పాదం మార్చిన: “కడుపుకోత యెఱిగి కదలి యవ్వ”.

నిర్వాహకుడు:
సవరణ మొదటిదానికన్నా మేలు. ‘కడుపు కాలి’ అందరూ వాడేదే. ‘కదలి యవ్వ’లో ఒక ముసలామె లేచి నడిచింది.

చెలక రైతు (మక్తల్):
ఎండు చెలక మీఁద నెడ్లబండిని తోలి
మిరుగు రాక ముందె మెతుకు తలఁచి
రైతు జొన్నమొలక రాణియౌ నని తన
పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె

మిరుగు అంటే మృగశిర కార్తె. నేను ‘పెంటన్’ను ‘పెంటలో’ అని కాక ద్వితీయగా, ‘పెంటను’ అని తీసుకున్న. పారేసింది బిడ్డను కాదు, పెంటనే. ఎండకాలమంతా మాకు చేన్లకు పెంట ఎరువు తోలుడే పని. పెంట లేని ఇల్లు పేదిల్లు అనేటోళ్లు మా నాయన. మీరంతా పెంట అనంగనే చెత్త అనుకుంటున్నరు. మాకు అది పంట.

నిర్వాహకుడు:
ఈ వారం నేను ఎదురుచూడని పూరణ ఇదే. రై–రా యతి చెల్లుతుంది, ఐకారానికి ఆకారంతో మైత్రి ఉంది. ఒక్క మాట: పెంటను చల్లుతారు, పాఱవేయరు. సమస్యలో ఉన్న క్రియ కాబట్టి మీ తప్పు లేదు. మన దిక్కు ‘బిడ్డ’ అంటే కూతురే. జొన్నమొలక కూతురైంది, రాణి కూడా అయింది. అది నాకు చాలా నచ్చింది.

కొత్త కలం (వనపర్తి):
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

బడికి వచ్చినపుడు పంతులు నవ్వుచు
నాడె కొత్తపేరు పద్మ యనుచు
అయ్య మురిసి పాత యానవాలైనట్టి
పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె

నిర్వాహకుడు:
రెండో పాదంలో నా–ప యతి కుదరదు. పైగా ‘యనుచు’ తర్వాత క్రియ లేదు, పంతులు పేరు పెట్టాడో లేదో తెలియకుండానే అయ్య మురిశాడు. ఇట్లా చూడండి: “పేర్మితోడ నిడెను పేరు పద్మ”. పే–పే యతి, క్రియ కూడా వచ్చింది. మూడో పాదం పూర్తిగా మీదే, దాన్ని ముట్టుకోను. ‘పాత యానవాలు’ అన్న మాటలో కొంచెం బాధ ఉంది. పారేసింది పేరును, కానీ ఆ పేరే ఆమెను బతికించిందని వాళ్ల నమ్మకం కదా.

మూసీ ఒడ్డు:
పద్మం కూడా బురదలోదే. పంతులు పెద్ద దూరమేమీ తీసుకపోలే.

అమ్రాబాద్ బాటసారి:
నల్లమల యడవిని నాల్గు గుడిసెలున్న
చెంచుతల్లి తేనె చేతఁ బట్టి
ఆకలన్న మాట నామడ దూరాన
పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె

మా దిక్కు పెంట అంటే ఊరు. చెంచుల గూడేలను పెంటలనే అంటరు. అప్పాపూర్ పెంట పోవాలంటే పులుల అడవి లోపలికి పోవాలె. పెంటలో ఉండి, ఆకలిని పారేసి, బిడ్డను పెంచిందని నా అర్థం.

నిర్వాహకుడు:
అర్థం కొత్తది, అన్వయమే ఇబ్బంది. ‘నాల్గు గుడిసెలున్న’ అనే విశేషణం ఎక్కడో నాలుగో పాదంలో ఉన్న ‘పెంట’కు చెందాలి. మధ్యలో చెంచుతల్లి అడ్డమొచ్చి, గుడిసెలు ఆమెవైపోయాయి. దూరాన్వయ దోషం. ఇంకా, తేనె అంత తేలికగా దొరికినట్టు రాశారు. కొండచరియకు తాడు కట్టుకొని దిగితే గాని దొరకదు.

అమ్రాబాద్ బాటసారి:
నిజమే. ‘చేతఁ బట్టి’ యతి కోసం వచ్చింది. దాచుకోను.

దేవరకొండ ఆడబిడ్డ:
అందరు రాసిండ్రు గద, నాదీ ఒకటి. గ్రాంథికం రాదు, మా మాటల్లనే.

పెంట యనుచు నవ్వు పెద్దోళ్ల కెరుకేమి
తల్లి గుండెలోని దడదడంత
సావు సూడకుండ సాటుగ మాయవ్వ
పెంటఁ బాఱవైచి బిడ్డఁ బెంచె

ఆ బిడ్డ మా పెద్దమ్మ. ఇంట్ల పెంటక్క, రేషను కార్డుల పెంటమ్మ. ఆమె ఆ పేరుకు ఎన్నడు సిగ్గువడలే. సిగ్గువడ్డది ఆమె కొడుకు. లగ్గం పత్రికల తల్లి పేరు ‘పద్మావతి’ అని అచ్చేయించిండు. పెద్దమ్మకు సదువు రాదు, నేనే సదివి ఇనిపించిన. అంత ఇని, “ఈ పద్మావతి ఎవలు బిడ్డా, పిల్ల తల్లా?” అని అడిగింది. నాకు ఏం జెప్పాల్నో తోచలే. అందుకే పైన వనపర్తి తమ్ముడి పద్యం సదివితే ఆడనే ఆగిపోయిన.

నిర్వాహకుడు:
త–ద యతి సరిపోయింది, ‘దడదడంత’ చెవికి కూడా గుండె చప్పుడే. ‘సూడకుండ’ పక్కన ‘పాఱవైచి’ని చూసి గ్రాంథిక వ్యావహారిక మిశ్రమం అని ఎవరైనా అంటారు. అననీయండి. సమస్య ఇచ్చింది నేను, అరసున్న నాది, బండి ఱ నాది. మిగతాదంతా ఆమె నోటి మాట. ఈ వారం మొదటి స్థానం దీనికి. చెలక రైతుది రెండోది. మూడోది ఇవ్వను, సవరించిన తర్వాత మూసీ ఒడ్డు పద్యం సగం ఆడబిడ్డదే కాబట్టి.

చెలక రైతు (మక్తల్):
మాకేం బాధ లేదు. మా అత్త పేరు భిక్షమమ్మ. బిచ్చంగా దొరికిందని పెట్టిండ్రట. అదీ ఇదీ ఒకటే తీరు.

మూసీ ఒడ్డు:
మా ఊర్ల సైదమ్మలు నలుగురున్నరు, నలుగురూ హిందువులే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టినోళ్లు. 2016 నుంచి అది సూర్యాపేట జిల్లా అయినా, సైదులు పేరు పెట్టేటప్పుడు ఎవరూ జిల్లా చూస్తలేరు. మరి యాదమ్మలు? యాదగిరిగుట్ట ఉన్నంతకాలం వాళ్లకు కొదువ లేదనుకున్న గని, మా వాడకట్టుల యాబై ఏండ్లలోపు యాదమ్మ ఒక్కతి లేదు.

నిర్వాహకుడు:
మంచి మాట అందించారు. వచ్చే వారం తేటగీతి చివరి పాదం:

*యాది మఱచెను యాదమ్మ యాదికొఱకు*

మొదటి ‘యాది’కీ చివరి ‘యాది’కీ ఒకే అర్థం చెప్పిన పూరణ తీసుకోను. కొత్త కలం గారూ, ఈసారి యతి చూసుకొని పంపండి.