ఇంటి చదువు పదో తరగతి దాకా: ఏది ఎప్పుడు చూసుకోవాలి?

ఓరుగల్లు అమ్మ: బాబుకి పదేళ్లు, పాపకి ఏడు. ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. 9 నుంచి 3 దాకా టైంటేబుల్ పెడితే మధ్యాహ్నానికే అందరికీ విసుగొస్తోంది. ఇలా ఇంకో అయిదారేళ్లు నడిపేదెలా? పదో తరగతి సర్టిఫికెట్ సంగతేంటి?

లెక్కల పంతులు: ముందు ఆ టైంటేబుల్ తీసేయండి. బడిలో ఆరు గంటలంటే నలభై మందికి హాజరు వేయడం, బోర్డు మీదిది ఎక్కించుకోవడం, నోట్సులు దిద్దడం అన్నీ కలిపి. పాపకి గంటన్నర, బాబుకి రెండున్నర గంటలు చాలు, కానీ రోజూ జరగాలి.

లెక్కలు పొద్దున్నే, 40 నిమిషాలు. అందులో పది నిమిషాలు పాతవి. ఎక్కువమంది జారేది భిన్నాల దగ్గర. 3/4, 6/8 ఒకటేనని కాగితం మడిచి చూపించకుండా క.సా.గు. నేర్పేస్తే అప్పటికి గడిచిపోతుంది. తర్వాత x/2 + x/3 వచ్చేసరికి బండి కదలదు. తప్పు వచ్చిందని పేజీ తిప్పేయకండి, ఎలా చేశాడో బాబునే చెప్పమనండి.

రాత కూడా చూసుకోండి. నోటితో గడగడా చెప్పే పిల్లలు పరీక్షలో చెయ్యి నొప్పని సగం పేపర్ వదిలేస్తారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు డిక్టేషన్, ఐదారు వాక్యాలు. పన్నెండో ఏట నుంచి వారానికోసారి గడియారం పెట్టి 20 నిమిషాలు రాయించి, మెల్లగా పెంచండి. ఒత్తులు తప్పితే ఆ మాట మాత్రమే మూడుసార్లు రాయిస్తే చాలు, పేజీ మొత్తం అక్కర్లేదు.

గోదారి గట్టు: సర్టిఫికెట్‌కి ఎన్‌ఐఓఎస్ ఉంది, అంటే రోజూ బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయించే జాతీయ ఓపెన్ స్కూల్. తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. తెలంగాణ, ఆంధ్ర ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్ పదికి 14 ఏళ్లు నిండాలి. అయిదు సబ్జెక్టులు, కనీసం ఒకటి భాష. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. కాబట్టి అయిదూ ఒకేసారి నెత్తినేసుకోకుండా రెండు విడతల్లో రాయించొచ్చు. అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. గడువు దాటితే అవి పోయినట్టే.

పది అయ్యాక పన్నెండు సర్టిఫికెట్‌కి రెండేళ్ల ఎడం ఉండాలి, తొందరపడి లాభం లేదు. జేఈఈ ఆలోచన ఉంటే పన్నెండులో అయిదు సబ్జెక్టులు తప్పనిసరి.

ఈలోపు అందరూ మరిచిపోయేది ఒకటుంది. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఇప్పుడే రెండూ ఒకేలా చేయించండి. పదో తరగతి మెమోలో పడిన పేరు, పుట్టినతేదీ ఆ తర్వాత అన్నిచోట్లా అడుగుతారు, అప్పుడు మార్పించడం పెద్ద తిరుగుడు.

సైకిల్ చక్రం: మధ్యలో బడికి పంపాల్సొస్తే కంగారొద్దు. ఇంటి చదువు అన్న మాట విద్యాహక్కు చట్టంలో లేదు గానీ, 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్ చెబుతోంది. అందుకే రాష్ట్ర పాఠ్యపుస్తకాలు దగ్గరుంచుకోండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్నవి రెండు భాషలకీ పనికొస్తాయి. నెలకో తేదీ వేసిన రాత కాగితం, ఓ లెక్కల పేజీ ఫైల్లో పెట్టండి. ఖరీదైన కరికులమ్ కిట్లు మాత్రం కొనొద్దు, సగం అటక మీదకే పోతాయి.

ఆరు వారాలు చదువు, ఒక వారం సెలవు పెట్టుకోండి. ఏప్రిల్, మేలో 6.30కే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించండి. నేర్పే పనంతా మీరే మోయకండి, ఒక సబ్జెక్టు పూర్తిగా బాబు నాన్నగారికి ఇచ్చేయండి. పాపకి చెప్పే పని బాబు మీద పెడితే ఇద్దరికీ గొడవలే.

ఓరుగల్లు అమ్మ: సైన్స్ ప్రాక్టికల్స్ ఎక్కడ చేయించాలండీ?

గోదారి గట్టు: అడ్మిషన్‌లో మీరు ఎంచుకున్న స్టడీ సెంటర్లోనండి. ఇంటికి దగ్గరని ఎంచుకోకుండా ముందు వెళ్లి ల్యాబ్ చూడండి, క్లాసులు ఏ రోజుల్లో ఉంటాయో అడగండి. లిట్మస్ కాగితాలు, కుంభాకార కటకం, స్ప్రింగ్ త్రాసు ఇంట్లో ఉంటే ముందే చేయి తిరుగుతుంది. ప్రాక్టికల్ రికార్డు వారం వారం రాయించండి, చివరి రాత్రి కాపీ చేసింది వైవాలో, అంటే నోటితో అడిగే ప్రశ్నల్లో దొరికిపోతుంది.