విశాఖ జూకి పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తున్నాం. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

విజయనగరం కోడలు:
అత్తగారు, మావయ్యగారు, ఇద్దరు పిల్లలతో కలిసి వచ్చే వారం విశాఖ జూకి రావాలనుకుంటున్నాం. చిన్నదానికి నాలుగేళ్లు. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. బస్సులో వస్తాం. ఎక్కడ దిగాలి? ఒక్కరోజులో అంతా చూడొచ్చా? అక్కడి నుంచి అటే కైలాసగిరి కూడా వెళ్లిపోదామని మావారు అంటున్నారు.

మధురవాడ శ్రీను:
అక్కా, సోమవారం మాత్రం పెట్టుకోవద్దు, జూకి సెలవు. మీరు వచ్చేది హైవే మీదే కాబట్టి ఎండాడ దాటాక జూ గేటు దగ్గర దింపమని కండక్టర్‌కి ముందే చెప్పండి. బీచ్ రోడ్డు వైపు సాగర్‌నగర్ దగ్గర ఇంకో గేటు ఉంది, మీకు అది చుట్టు తిరుగుడు. జూ 625 ఎకరాలు, కంబాలకొండ అడవిలో భాగం. లోపల ఎత్తుపల్లాలు ఉంటాయి. మావయ్యగారిని నడిపించకుండా బ్యాటరీ కారు ఎక్కించండి. కైలాసగిరి దగ్గరే గానీ, ఆ రోజుకి వదిలేయండి. మధ్యాహ్నానికే పిల్లలు భుజాల మీద నిద్రపోతారు.

సాగర్‌నగర్ పద్మ:
శ్రీను చెప్పింది నిజం. ఇంకొకటి, గేటు తీసే వేళకే లోపల ఉండండి. ఎండ ఎక్కాక పులులు, సింహాలు నీడ చూసుకుని పడుకుంటాయి. సింహం రోజులో ముప్పాతిక భాగం విశ్రాంతిలోనే ఉంటుంది, అది దాని స్వభావం. అది లేవలేదని కేకలు వేసేవాళ్లను, కంచెకేసి కర్రతో కొట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. జూలో జంతువులను విసిగించడం, వాటికి తిండి పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పక్కవాళ్లు అలా చేస్తుంటే మన పిల్లల ఎదుటే వద్దని చెప్పాలి. నేను చెప్తాను.

ఎంవీపీ కాలనీ మాస్టారు:
అమ్మా, అందరూ తెల్లపులి దగ్గరికి పరుగెడతారు. చూడండి, తప్పులేదు. అది వేరే జాతి కాదనీ, రంగు జన్యువులో మార్పు వల్ల అలా పుడుతుందనీ పెద్దపిల్లాడికి చెప్పండి. 1951లో రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే పులిపిల్ల నుంచే మన జూలలోని చాలా తెల్లపులుల వంశం సాగింది.

కానీ ఈ జూ ప్రత్యేకత రేచుకుక్కలు, అంటే అడవికుక్కలు. వాటి సంతతిని పెంచే పని ఇక్కడ జరుగుతోంది. నల్లమలలో, పాపికొండల్లో తిరిగే జంతువే అయినా అడవిలో కంటపడటం చాలా కష్టం. ఒంటి రంగు ఇటుక ఎరుపు, తోక మాత్రం నల్లగా కుచ్చులా ఉంటుంది. మా మనవరాలు మొదట నక్క అనుకుంది. అవి మామూలు కుక్కల్లా మొరగవు, ఈల వేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పొద్దున మేం నిలబడి ఉండగా ఒకటి మట్టిదిబ్బ ఎక్కి చెవులు నిక్కబొడుచుకుంది. కింద ఉన్నవన్నీ తింటున్నవి ఆపేసి అటే చూశాయి. వేటాడాక పిల్లలను ముందు తిననిస్తాయని చెప్తే మా మనవరాలు అక్కడి నుంచి కదిలితే ఒట్టు!

గాజువాక నాన్న:
మాస్టారూ, మీ మనవరాలు నిలబడింది గానీ నాలుగేళ్ల పిల్ల ఒక్కచోట అంతసేపు ఉండదండీ. మా వాడికి కోతులు, నీటిగుర్రం చాలు. నీటిగుర్రం మునిగితే ఎంతసేపటికి తేలుతుందో అని ఇద్దరం అంకెలు లెక్కపెట్టాం. ముందు చెవులు, తర్వాత కళ్లు పైకి వచ్చాయి. చెవులు గిర్రున తిప్పి నీళ్లు విదిలించగానే వాడు కేరింతలు! మీ చిన్నదానికి అలాంటి పని ఏదైనా అప్పజెప్పండి.

ఎంవీపీ కాలనీ మాస్టారు:
మీరన్నది సబబే. చిన్నపిల్ల ఉన్నప్పుడు ఆగే చోట్లు తగ్గించుకోవాలి. మిగతావి ఇంకోసారి చూసుకోవచ్చు.

సీతమ్మధార లలిత:
హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014లో, ఈ జూలో చెట్లు ఎన్ని కూలిపోయాయో మాకు గుర్తు. ఇప్పుడు మళ్లీ నీడ చూస్తుంటే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో. మీ అత్తగారిని చెట్ల కింద కూర్చోబెట్టి మిగతావాళ్లు ఓ చుట్టు తిరిగి రండి. పెద్దవాళ్లకు అది కూడా షికారే.

విజయనగరం కోడలు:
అందరికీ థాంక్సండీ. కైలాసగిరి మానేశాం. పొద్దున్నే బయల్దేరి ముందు రేచుకుక్కలు, తర్వాత పులులు, నీటిగుర్రం చూస్తాం. మావయ్యగారు బ్యాటరీ కారులో వస్తారు. పులిహోర, పెరుగన్నం తెచ్చుకుందామని అత్తగారి ఆలోచన. లోపల కూర్చుని తినొచ్చా?

సాగర్‌నగర్ పద్మ:
తినొచ్చు, చెట్ల కింద చోటు చూసుకోండి. స్టీలు డబ్బాల్లో తెండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. కొండ మీది కోతులు అక్కడంతా తిరుగుతుంటాయి. సంచి నేల మీద పెట్టకుండా ఒడిలోనే ఉంచుకోమని అత్తగారికి చెప్పండి.