బంగారు గీత ఉంటేనే లక్ష్మీ గవ్వా?

కృష్ణలంక కుర్రాడు:
మొన్న శుక్రవారం అమ్మవారి దర్శనం చేసుకుని కొండ దిగుతుంటే ఓ కొట్లో లక్ష్మీ గవ్వలు కనపడ్డాయి. 11 కొన్నాను. కొట్టాయనది ఒకటే పాట: "వీపు మీద బంగారు గీత ఉంది చూడండి, అదీ అసలు లక్ష్మీ గవ్వ. గీత లేనిది ఉత్తది." ఇంటికొచ్చి మా అమ్మమ్మ అష్టాచెమ్మా గవ్వలు నాలుగూ తీసి పక్కన పెట్టాను. అవి పాత పసుపు రంగులో, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. గీత లేదు. అంటే అరవయ్యేళ్ళు ఉత్త గవ్వలతో ఆడిందా మా అమ్మమ్మ? తెలిసినవాళ్ళు చెప్పండి.

అరండల్‌పేట 4వ లైను:
ఉత్తవేంటి తమ్ముడూ! రెండూ అసలువే, జాతులు వేరు. అమ్మమ్మవి మోనెటా, నీవి యాన్యులస్. 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రెండింటికీ విడివిడిగా పేర్లు పెట్టాడు. మోనెటా అంటే డబ్బు, యాన్యులస్ అంటే ఉంగరం. గీత ఉంటే ఉంగరం గవ్వ, లేకపోతే డబ్బు గవ్వ. ఇంతోటి దానికి చర్చెందుకు?

రిటైరైన జువాలజీ మేష్టారు:
ఆ "గీత ఉంటే ఇది, లేకపోతే అది" దగ్గరే పేచీ. ప్రాక్టికల్ పరీక్షలో చూసి గుర్తుపట్టమని గవ్వని పెడితే సగంమంది పిల్లలు సరిగ్గా అక్కడే మార్కులు పోగొట్టుకునేవాళ్ళు. డబ్బు గవ్వల్లో కొన్నింటికి కూడా వీపు మీద సన్నగా నారింజ గీత కనపడుతుంది. ఉంగరం గవ్వ బాగా అరిగితే దాని గీత మాసిపోతుంది. గవ్వ ప్రాణంతో ఉన్నప్పుడు నత్త ఒంటి పొర రెండు పక్కల నుంచీ పైకొచ్చి పెంకుని కప్పుతుంది, ఆ నిగనిగ దాని చలవే. చచ్చి ఒడ్డున పడ్డాక కొత్త పూత వేసేవాళ్ళు ఎవరు? ఇసుకలో పొర్లి, ఎండకి ఎండి, రంగు పోతుంది.

కాబట్టి రంగు పక్కన పెట్టి ఆకారం చూడండి. గవ్వని బోర్లా పెట్టి సరిగ్గా పైనుంచి చూస్తే, డబ్బు గవ్వకి వెడల్పు వైపు రెండు పక్కలా గడ్డలు ఉబ్బి మూలలు తేలినట్టు ఉంటుంది. ఉంగరం గవ్వకి ఆ గడ్డలుండవు, కోడిగుడ్డులా నున్నగా తిరుగుతుంది.

అరండల్‌పేట 4వ లైను:
గడ్డలు సరిగా లేని డబ్బు గవ్వలు నేను బోలెడు చూశాను మేష్టారూ. వాటినేం చేస్తారు?

రిటైరైన జువాలజీ మేష్టారు:
ఉంటాయి, కాదనను. అలాంటప్పుడు ఒక్క గుర్తుని పట్టుకు వేలాడకుండా వీపు రంగు, కడుపు (నోటి చీలిక ఉన్న వైపు), ఆ చీలిక అంచుల్లో పళ్ళు అన్నీ కలిపి చూడాలి. ఉంగరం గవ్వకి గీత లోపల నీలి బూడిద ఛాయ, గీత బయట లేత రంగు. డబ్బు గవ్వ వీపంతా పసుపు, చాలావాటికి అడ్డంగా మసక పట్టీలు. నా గొడవల్లా పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి పేరు పెట్టేయొద్దనే.

వన్‌టౌన్ హోల్‌సేల్:
మేం కిలోల లెక్కన తెప్పించి చేత్తోనే వేరు చేస్తామండీ. పెద్దవి ఒక రకం, చిన్నవి ఒక రకం. సైజు చాలదా?

రిటైరైన జువాలజీ మేష్టారు:
బేరానికి చాలుతుంది, జాతికి చాలదు బాబూ. ఒకే జాతిలో వేలి గోరంతవీ ఉంటాయి, దానికి రెండింతలవీ ఉంటాయి. గవ్వ నోటి అంచు లోపలికి ముడుచుకుని పళ్ళు వచ్చాయంటే పొడవు పెరగడం ఆగిపోయినట్టే, ఆ పైన పెంకు మందం అవుతుందంతే. చిన్నది పిల్ల, పెద్దది తల్లి అనుకుంటారు జనం. పిల్ల గవ్వయితే నోరు బారుగా, పెంకు కాగితంలా పల్చగా ఉంటుంది, మామూలు నత్తలాగా చుట్ట కూడా కనపడుతుంది.

బాపట్ల లోకల్:
ఇదంతా ఎందుకు, ఆదివారం సూర్యలంక వెళ్ళి ఏరుకొస్తే పోలా?

రిటైరైన జువాలజీ మేష్టారు:
అది ఇసుక తీరం నాయనా. ఇవి పగడపు దిబ్బల్లో, రాళ్ళ సందుల్లో ఉండేవి. లక్షద్వీప్, అండమాన్, మన్నారు సింధుశాఖ వైపు అయితే వెతకొచ్చు. సూర్యలంకలో నీ సంచి ఆల్చిప్పలతో నిండుతుంది.

పాత నాణేల పిచ్చోడు:
ఈ తేడా పూజ గదితో ఆగలేదండీ. మాల్దీవుల డబ్బు గవ్వలు బెంగాల్‌కి పోయేవి, బదులుగా బియ్యం వచ్చేవని 14వ శతాబ్దంలో అక్కడ ఉండొచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. పశ్చిమ ఆఫ్రికాలోనూ ఆ గవ్వే చిల్లర. 19వ శతాబ్దం మధ్యలో హాంబర్గు వర్తకులు జాంజిబార్ వైపు నుంచి చవగ్గా దొరికే ఉంగరం గవ్వల్ని ఓడలకొద్దీ అక్కడ దించారు. గవ్వ విలువ పాతాళానికి పడింది. పైగా దండలు గుచ్చడానికి చాలావాటి వీపు పగలగొట్టేవాళ్ళు. వీపే లేకపోతే గీత ఎక్కడ చూస్తావు నాలుగో లైనూ? చిల్లిగవ్వని అంచులు చూసే తేల్చాలి.

కృష్ణలంక కుర్రాడు:
రాత్రి కూర్చుని అన్నీ చూశాను. ముందు కొత్తవి. తడి దూదితో రుద్దితే 11లో రెండింటికి పసుపు రంగు దిగింది, దూదంతా పచ్చన. ఎవరో రంగు పూశారు! గీత మాత్రం చెక్కుచెదరలేదు, అది పుట్టుకతో వచ్చిందే. మేష్టారు చెప్పినట్టు చూస్తే 11కి 11 ఉంగరం గవ్వలే.

ఇక అమ్మమ్మవి. మూడింటికి గడ్డలు చేతికి తగులుతున్నాయి, కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. నాలుగోది నున్నగా ఉంది. ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ వంచితే ఒక పక్క సగం వంపు దాకా నారింజ గీత లీలగా కనపడింది. అమ్మకి ఫోన్ చేశాను. అసలు నాలుగోది ఎప్పుడో పోయిందట, ఎలక ఎత్తుకుపోయిందని ఇంట్లో అనుకునేవాళ్ళట. తాతయ్య కోటప్పకొండ తిరునాళ్ళలో వేరేది కొనుక్కొస్తే, "ఇది మన గవ్వ కాదు, పడటం తేడాగా ఉంది" అని అమ్మమ్మ నెల్లాళ్ళు సణిగిందట.

అరండల్‌పేట 4వ లైను:
చివరికి గీత కనపడ్డాకే కదా తేలింది? మాటంటే మాటే, నేనే గెలిచాను.

రిటైరైన జువాలజీ మేష్టారు:
గడ్డల్లేవని దాన్ని విడిగా పెట్టాకే కదయ్యా అబ్బాయి గీత కోసం వెతికింది! అయినా మీ అమ్మమ్మ గీతా చూడలేదు, గడ్డలూ చూడలేదు, పడే తీరుని బట్టి పట్టేసింది. బాబూ, నాలుగిటినీ కడుపు వైపు ఫొటో తీసి పెట్టు, పళ్ళు చూద్దాం.

వన్‌టౌన్ హోల్‌సేల్:
రంగు దిగిన ఆ రెండూ మాత్రం మా సరుకు కాదండోయ్.